బంద్ ఇచ్చిన ట్రాక్

మా యూనివర్సిటీ ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగం గోడ మీద నీలం రంగుతో మూడు లక్ష్యాలు రాసి ఉండేవి. ప్రతి కాలేజీకీ ఒక మైదానం, ప్రతి విద్యార్థికీ ఒక ఆట, ప్రతి ఏడూ అఖిల భారత పోటీలకు ఒక మహిళల జట్టు. మొదటి రెండింటి సంగతి దేవుడెరుగు. మూడోది మాత్రం నా కళ్ళ ముందే, నా కాళ్ళతోనే జరిగింది కాబట్టి దాని గురించి ఎంతసేపైనా చెప్పగలను. ఇప్పుడు తలచుకున్నా అరికాళ్ళలో జివ్వుమంటుంది.

సౌకర్యాలు చెబితే నవ్వుతారు. ట్రాక్ అంటే మట్టి ట్రాక్. వాన పడితే లోపలి వరస కాలువై పారేది. లాంగ్ జంప్ గుంటలో ఇసుక ఎప్పుడు చూసినా సగమే ఉండేది, చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా మిగతా సగం అక్కడికి నడిచిపోయేది. స్పైక్స్, అంటే అడుగున మేకులున్న పరుగు బూట్లు, మూడు జతలున్నాయి, మూడూ మగపిల్లల సైజువే. ముందు దూది కుక్కుకుని వేసుకునేవాళ్ళం. వ్యాయామశాలలో ఇనుప యంత్రాలకు లెక్క లేదు కానీ పనిచేసేది ఒక్కటే, మిగతావాటి మీద హాస్టల్ పిల్లలు బట్టలు ఆరేసేవారు. ఇక సాధించినవి. అద్దాల బీరువా నిండా మగపిల్లల కబడ్డీ కప్పులు, ఖోఖో కప్పులు. ఆడపిల్లల అరలో ఒక్క త్రోబాల్ కప్పు, దానికి తోడు ఒక పూలకుండీ.

క్రాస్ కంట్రీకి, అంటే రోడ్లూ పొలాల మీది దూరప్పరుగుకు, ఆడపిల్లల జట్టు అప్పటిదాకా పోనే లేదు. ఆరుగురు కావాలి. ఎప్పుడు చూసినా ముగ్గురో నలుగురో తేలేవారు. ఆ ఏడు మా పి.డి. సార్, అంటే ఫిజికల్ డైరెక్టర్, పంతం పట్టాడు. మెడలో ఈల లేకుండా పెళ్ళికి కూడా పోని మనిషి ఆయన. కాలేజీ కాలేజీ తిరిగి, బతిమాలి, బెదిరించి పదిమందికి పైగా ఆడపిల్లల్ని పోగేశాడు.

అందులో నేనొకదాన్ని. మాది కొత్తగూడ దగ్గర తండా. మానుకోట కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు. కాలేజీల పోటీల్లో నేను చెప్పుల్లేకుండా పరుగెత్తుతుంటే సార్ మైకు దగ్గరున్నాయన్ను పక్కకు జరిపి "గా పిల్లెవరు? ఏ ఊరు?" అని అడిగాడట. ఆ మాట మైకులో గ్రౌండంతా వినబడింది. నా జన్మలో అంతమంది ముందు నా గురించి ఎవరైనా అడగడం అదే మొదలు.

నాకు ఆ జట్టులో చోటు ఎందుకు కావాలో కూడా చెప్పాలి. యూనివర్సిటీ తరఫున ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కోర్సులో స్పోర్ట్స్ కోటా కింద సీటు వస్తుంది. లేదంటే డిగ్రీ అయిపోగానే మా అక్కలతో పాటు మరిపెడ దిక్కు మిరపకాయలు ఏరడానికి పోవాలి. బాపు ఆ మాట కోపంగా ఏం చెప్పలేదు. "సీటొస్తే సదువు. రాకపోతే ఏం జేస్తం బిడ్డా, పనికి పోదువు" అన్నాడు అంతే. నాకు మళ్ళీ ఏడు లేదు. ఆ ఆరుగురిలో ఉండాలి, లేదా మిరపతోటలో ఉండాలి.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. క్యాంపస్ గ్రౌండ్‌లో రోజు విడిచి రోజు సభ. సభ అంటే టెంట్లు, టెంట్లు తెచ్చే లారీలు, లారీల కింద మా ట్రాక్. ఒకరోజు సార్ గ్రౌండ్ మధ్యలో నిలబడి మోకాలి లోతు చక్రాల గాడి చూసి, తిట్టాలో నవ్వాలో తెలియక, "రాష్ట్రం రాంగనే ముందుగాల ట్రాక్ ఏపిస్త" అన్నాడు. తర్వాత మా క్యాంపును జనగామకు మార్చాడు. అంతకుముందు ఆయన అక్కడి కాలేజీలో పనిచేశాడు. ఊరంతా ఆయనకు తెలుసు.

జనగామ కాలేజీ తరగతి గదిలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. నా పక్క చాప భూపాలపల్లి పిల్లది. వాళ్ళ నాయిన బొగ్గు గనిలో పని. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగ గొట్టాలను గురి పెట్టుకుని రోడ్డు మీద పరుగెత్తి నేర్చుకుందట. "గా గొట్టం దగ్గరికొచ్చినట్టే కొడ్తది, ఎంత ఉరికినా రాదక్కా" అనేది. పరుగులో ఆమెను పట్టేవాళ్ళు మాలో ఎవరూ లేరు. తిండిలో అంతకన్నా లేరు. ఇటు పక్క చాప జనగామ అమ్మాయిది. ఇల్లు రెండు వీధుల అవతలే ఉన్నా మాతోనే పడుకునేది. రోజూ సాధనలో ఆరో స్థానం కోసం కొట్లాడేది నేనూ ఆమే. ఒకరోజు నేను, ఒకరోజు ఆమె. రాత్రయితే ఇద్దరం ఒకరి పిక్కలు ఒకరం పిసుక్కునేవాళ్ళం.

అంతా బాగానే ఉంది కానీ, క్యాంపు సరిగ్గా మా తీజ్ పండుగ రోజుల్లో పడింది. తీజ్ అంటే మా తండాల్లో పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. బుట్టలో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోసి మొలకలు పెంచుతాం. ఆ తొమ్మిది రోజులూ ఉప్పు, కారం ముట్టకూడదు. ఆఖరి రోజు ఆ మొలకలు తెంపి ఇంటి పెద్దల తలపాగాల్లో, అన్నదమ్ముల తలపాగాల్లో పెడతాం. ఆ బుట్టకు నీళ్ళు పోసే పని చెల్లెలికి అప్పజెప్పి వచ్చాను. ఉప్పు మానేసే పని మాత్రం అప్పజెప్పడానికి లేదు. "నువ్వు యాడున్నా సరే, ఉప్పు ముట్టకు" అని మా యాడి, అంటే మా అమ్మ, ఫోన్‌లో రోజూ చెప్పేది.

రెండో రోజే సార్ కనిపెట్టాడు.

"ఏందమ్మా, ఇస్తరిల వట్టి అన్నమేంది? చారు పోసుకో."

"తీజ్ ఉన్నది సార్. ఉప్పు ముట్టద్దు."

"ఎన్నొద్దులు?"

"తొమ్మిదొద్దులు సార్."

సార్ నెత్తి పట్టుకున్నాడు. "సంపినవ్ పో! చెమటల ఉప్పంత పోతది, మళ్ళ ఉప్పు పడకుంటె పిక్కలు పట్టుకుంటయ్. నడిరోడ్డు మీద పడ్తవ్. గీ ఒక్క ఏడు ఇడిసిపెట్టరాదు?"

"ఇడువను సార్."

"పడ్తె నన్ననొద్దు మరి. నాకు ఆరు చోట్లే ఉన్నయ్."

"పడను సార్."

అన్నానే గానీ నాకూ భయంగానే ఉండేది. ఆయన రోజూ ఉప్పేసిన మజ్జిగ లోటా తెచ్చి నా ముందు పెట్టేవాడు. నేను దాన్ని రోజూ భూపాలపల్లి పిల్ల ముందుకు జరిపేదాన్ని. సార్ నాతో మాట్లాడటం తగ్గించాడు. ఈలతోనే పిలిచేవాడు. నాకూ మొండితనం తక్కువేం లేదు, ఈల వేస్తే చాలు వెళ్ళి నిలబడేదాన్ని.

ఎంపిక పరుగు రోజు బంద్ వచ్చి పడింది. తీజ్ ముగింపుకు ముందు రోజది. కాలేజీ గ్రౌండ్ వానకు బురద. పరుగు వాయిదా పడిందనుకున్నాం. సార్ మాత్రం పొద్దున్నే వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"పిల్లలూ, హైదరాబాద్ రోడ్డు సూసిన్రా? ఒక్క బస్సు లేదు, ఒక్క లారీ లేదు! ఇంత నున్నటి ట్రాక్ మనకు ఎవడిస్తడు? బంద్ ఇచ్చింది. పాండ్రి!"

నిజంగానే ఆ రోడ్డును చూస్తే ఒళ్ళు పులకరించింది. ఎప్పుడూ హారన్లతో అదరగొట్టే తారురోడ్డు నల్లగా, ఖాళీగా, కనుచూపు మేర మా కోసమే పరిచినట్టుంది. కాలేజీ గేటు ముందు సార్ ముగ్గుతో గీత గీశాడు. మూడు కిలోమీటర్లు పోయి, అక్కడ నిలబడ్డ ఇంకో సార్‌ను చుట్టి, మళ్ళీ ఇదే గీత దగ్గరికి రావాలి. ముందొచ్చిన ఆరుగురు జట్టు.

ఈల మోగింది. పరుగందుకున్నాం. ఎప్పటిలాగే భూపాలపల్లి పిల్ల ముందు, జనగామ అమ్మాయీ నేనూ వెనక జంటగా. దారి మధ్యలో చౌరస్తా దగ్గర జనం రోడ్డు మీద రాళ్ళు పేర్చి పొయ్యిలు పెడుతున్నారు. రోడ్లను ఆపడానికి అప్పట్లో ఊరూరా వంటావార్పు చేసేవారు. రోడ్డు మీదే వండుకోవడం, రోడ్డు మీదే తినడం. మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. మాకు హుషారొచ్చింది. ఆ హుషారే మా కొంప ముంచింది.

ఎందుకంటే వాళ్ళు మమ్మల్ని తెలంగాణ పరుగు అనుకున్నారు! ఆ రోజుల్లో డాక్టర్లు పరుగెత్తారు, వకీళ్ళు పరుగెత్తారు, టీచర్లు పరుగెత్తారు, అన్నీ ఉద్యమం కోసమే. ఇప్పుడు కాలేజీ ఆడపిల్లలు పరుగెత్తుతున్నారు కాబోలు అనుకున్నారు. మేం వెనక్కి తిరిగి వచ్చేసరికి చౌరస్తా నిండా జనం. బొట్టు పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. ముందు వస్తున్న భూపాలపల్లి పిల్ల మెడలో బంతిపూల దండ పడింది. నా నుదుటి మీద ఎవరో కుంకుమ రుద్దారు, అది చెమటతో కలిసి కంట్లోకి దిగింది. "రేస్ అక్కా, రేస్! జరగుండ్రి!" అని మేం మొత్తుకుంటుంటే వాళ్ళు "జై తెలంగాణ" అని ఇంకా గట్టిగా అరిచారు. మేమూ అన్నాం, అనకుండా ఎట్లా ఉంటాం? ఆ తర్వాత డప్పులు, జెండాలతో సహా వందల మంది మాతో పాటే పరుగందుకున్నారు.

ముగింపు గీత దగ్గర సార్ స్టాప్‌వాచ్ పట్టుకుని వంగి చూస్తున్నాడు. ఆయన వైపుకు ఊరు ఊరంతా ఉరికి వచ్చింది. గీత మొదటగా దాటింది ఒక పంచె కట్టుకున్న పెద్దాయన. ఆ తర్వాత డప్పులు. మేం ఎక్కడ దాటామో మాకే తెలియదు. ఆ ఊపులో సార్‌ను కూడా ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. "అరేయ్ దించుండ్రి, ఎంపిక రా ఇది, ఎంపిక!" అని ఆయన పైనుంచి అరుస్తూనే ఉన్నాడు. దింపేసరికి నెత్తి నిండా గులాలు రంగు, ముగ్గు గీత కాళ్ళ కింద మాయం.

సంగతి తెలిసి జనం నాలుక కరుచుకున్నారు. పంచె పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయింది సారూ. మాకెర్కలే. ఇగ అన్నం తినకుండ మాత్రం పోవద్దు." ఎంపిక రేపటికి పడిందని అందరం అనుకున్నాం. ఆకలి దంచేస్తోంది. చౌరస్తాకు పోయి రోడ్డు మీద బారుగా కూర్చున్నాం. గుండిగల్లోంచి బగార అన్నం, తెల్లన్నం, వంకాయ కూర, పప్పుచారు, పులిహోర. భూపాలపల్లి పిల్ల ఎన్నిసార్లు పెట్టించుకుందో వడ్డించేవాళ్ళకే తెలియాలి. జనగామ అమ్మాయి కూడా సొంత ఊరు కదా, పిలిచి పిలిచి వడ్డించారు.

నేను వట్టి తెల్లన్నమే పెట్టించుకుని, కూర వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. వడ్డిస్తున్న అవ్వ గరిటె గాల్లోనే ఆపింది.

"ఏం బిడ్డా, మా చేతి కూర తినవా?"

ఆ గొంతులో నొచ్చుకోవడం నాకు వెంటనే తెలిసింది. "అట్ల కాదవ్వా, మేం లంబాడోళ్ళం. తీజ్ ఉన్న. ఉప్పు ముట్టద్దు" అన్నాను.

"ఉప్పు లేకుండ గంత దూరం ఉరికినవా!" అని అవ్వ నోరు నొక్కుకుంది. గరిటె పక్కన పడేసి ఎటో పోయింది. ఎవరింట్లో అడిగిందో ఏమో, కొంగులో బెల్లం గడ్డ, రెండు అరటిపళ్ళు తెచ్చింది. నా వట్టి అన్నంలో తన చేత్తోనే బెల్లం చిదిపి కలిపింది. "తిను బిడ్డా, దీంట్ల ఉప్పు లేదు" అంది. కడుపు నిండా కాదు, ఉన్నంత తిన్నాను. అంత రుచి మళ్ళీ ఏ విందులోనూ దొరకలేదు.

అప్పుడు సార్ గులాలు దులుపుకుంటూ లేచి నిలబడి బాంబు పేల్చాడు.

"రేపు బండ్లు తిరుగుతయ్. రోడ్డు మనకు ఇయ్యాల్నే దొరుకుతది. పొద్దు వాలంగనే మళ్ళ ఉరుకుడే."

భూపాలపల్లి పిల్ల చేతిలో పులిహోర ముద్ద అట్లాగే ఆగిపోయింది. "సార్, జర ముందుగాల చెప్పరాదు!" అంది ఏడుపు మొహంతో. అందరం గొల్లుమన్నాం. నేను మాత్రం నవ్వు ఆపి కాళ్ళు తడుముకున్నాను. పొద్దుటి పరుగుతో నా పిక్కలు అప్పటికే బిగుసుకుని ఉన్నాయి.

సాయంత్రం నేను చూసిన రోడ్డును ఏ స్టేడియం ముందు పెట్టినా స్టేడియమే ఓడిపోతుంది. పొద్దున్న మమ్మల్ని ఆపినవాళ్ళే ఇప్పుడు రోడ్డుకు అటూ ఇటూ చేతులు కలిపి గోడ కట్టారు. ఎవరూ లోపలికి రావద్దు, ఎవరూ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆ పిల్ల పరుగు చెల్లదు అని సార్ మైకులో చెప్పాడు. పంచె పెద్దాయన కర్ర పట్టుకుని కాపలా తిరిగాడు. మలుపు దగ్గర డప్పులు. నిన్నటిదాకా బురదలో కాలు జారుతుందేమోనని భయపడుతూ సాధన చేసిన మాకు అంత రాజమార్గం!

ఈల మోగింది. మొదట్లోనే తెలిసిపోయింది, అందరి కడుపుల్లో బగార కదులుతోందని. భూపాలపల్లి పిల్ల మలుపు దగ్గర పక్కకు వంగి కక్కుకుని, మూతి తుడుచుకుని, మళ్ళీ అందరికన్నా ముందుకు పోయింది. ఆమె మనిషి కాదు. నేను తేలిగ్గా ఉన్నాను. ఒక్కొక్కరినీ దాటుతూ నాలుగో స్థానానికి వచ్చాను. రెండు పక్కలా జనం కేకలు నన్ను నెడుతున్నట్టే ఉంది. గెలిచాననే అనుకున్నాను.

చౌరస్తా దాటుతుండగా ఎడమ పిక్క రాయి అయిపోయింది. సార్ చెప్పినట్టే నడిరోడ్డు మీద పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. ఒకరు దాటిపోయారు, ఇంకొకరు, ఆ తర్వాత డొక్క పట్టుకుని రొప్పుతూ జనగామ అమ్మాయి. ఆమె ఆరు, నేను ఏడు. మిరపతోట ఎర్రగా కళ్ళ ముందు కనబడింది. ఏడుపొచ్చింది.

బెల్లం అవ్వ సరిగ్గా అక్కడే ఉంది. నన్ను లేపడానికి రెండడుగులు ముందుకు వేసి, ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చి ఆగిపోయింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, నా ముందు రోడ్డు మీద గొంతుక్కూర్చుంది. "లే బిడ్డా! నేను ముట్టద్దట. నువ్వే లే! లేవే!" అని అరిచింది. ఆమె కళ్ళలో నీళ్ళు. నేను పిక్కను పిడికిలితో గుద్దుకుని లేచాను. కుంటుకుంటూ నడిచాను, తర్వాత ఉరికాను. కాలు నాది కాదనుకుని ఉరికాను.

గేటు కనబడే చోట జనగామ అమ్మాయిని అందుకున్నాను. ఆమె ఊరు, ఆమె జనం. అయినా "తండా పిల్లా, కొట్టు!" అని ఎవరో అరిచారు. "మన పిల్లా, నువ్వు కూడ!" అని ఇంకెవరో అరిచారు. ఇద్దరం గీత మీద పడ్డాం. సార్ ఈల నోట్లోంచి జారిపోయింది. వేలు నా వైపు చూపించాడు. "ఆరు!"

అరుపులు, డప్పులు, మళ్ళీ గులాలు. జనగామ అమ్మాయి నేల మీదే కూర్చుని ఏడ్చింది, నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. సార్ ఆమె దగ్గరికి వచ్చి, "ఒక ఎక్స్‌ట్రా మనిషిని తీస్కపోవచ్చు. సంచి సర్దుకో" అన్నాడు. ఆమె ఏడుపు ఆపేసి నన్ను గిల్లింది.

మర్నాడు రైలెక్కి మానుకోటలో దిగి, ఆటోలో తండాకు పోయాను. నా బుట్టలో మొలకలు ఒత్తుగా, జానెడు ఉన్నాయి. బాపు తలపాగాలో పెట్టాను, అన్న తలపాగాలో పెట్టాను. ఒక గుప్పెడు తడిబట్టలో చుట్టుకుని క్యాంపుకు తెచ్చాను. సార్ ముందు నిలబడితే ఆయన ముందు నా మోకాలి వైపు చూశాడు.

"మీరు చెప్పినట్టే పడ్డ సార్" అన్నాను.

"లేసినవ్ గద" అన్నాడు.

మొలకలు ఇచ్చాను. వాటినేం చేయాలో చెప్పాను. ఆయన టోపీ తీసి, అంచు మడతలో పెట్టుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రోజు సాయంత్రం నేను ఉప్పేసిన మజ్జిగ రెండు లోటాలు తాగాను.

జట్టు అఖిల భారత పోటీలకు పోయింది. మేం కప్పేమీ గెలవలేదు. ఆరుగురం ఆఖరి దాకా పరుగెత్తాం. ఆ సర్టిఫికెట్‌తోనే నాకు సీటొచ్చింది. కానీ నాకు అన్నిటికన్నా గుర్తున్నది ఆ పరాయి రాష్ట్రం గ్రౌండ్‌లో ఒక నిమిషం. వేరే జట్టు కోచ్ ఒకాయన సార్ టోపీలో ఎండిపోయిన గడ్డిని చూసి, అదేమిటని హిందీలో అడిగాడు. సార్ టోపీ తడుముకున్నాడు. నేను వెనకే షూ లేసు కట్టుకుంటున్నాను. ఆయన మన తెలంగాణ ఉర్దూలో గర్వంగా చెప్పినదానికి మన మాటలో అర్థం ఇది.

"మా ఇంట్ల ఆడపిల్లలు పండక్కి పెడ్తరు. నా బిడ్డ పెట్టింది."

నేను లేసు ముడి వేయడం మర్చిపోయి అట్లాగే కూర్చున్నాను.